తెల్లకాళ్ళ పిల్లలు

“ఈ పిల్లల తండ్రి ఏది, కాకా?”

బుగ్గయ్య దొడ్డి తడికకు ఆనుకుని తలగుడ్డ సర్దుకున్నాడు. లోపల నల్ల గొర్రెల నడుమ పొడుగు కాళ్ళ పిల్లలు కొన్ని గెంతుతున్నాయి. వాటి మోకాళ్ళ కింద తెలుపు.

“నిన్నే అడుగుతున్న. రక్తం పరీక్షల తేలింది. మందల పరాయి పొట్టేలు పడ్డది. అవునా, కాదా?”

“అవ్ బిడ్డా.”

అబద్ధం చెప్పినా బాగుండేదనిపించింది నిర్మలకు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె కృష్ణజింకల మీద పనిచేసింది. ఏ అడవి జింకలు ఏ అడవి జింకలతో కలిశాయో వాటి రక్తం చూసి చెప్పేది. తర్వాత గొర్రెల మీదికి మళ్ళింది. వేరే జాతి కలవని దక్కని నల్ల గొర్రెల కోసం జిల్లాలన్నీ తిరిగింది. చివరికి అవి దొరికింది సొంత ఊరు ఇబ్రహీంపట్నంలోనే, చిన్నప్పుడు తనను భుజాల మీద మోసిన బుగ్గయ్య మందలో. ఆ ఒక్క మందనే నమ్ముకుని ఢిల్లీకి ప్రాజెక్టు రాసింది. ఫైలు ఏళ్ళ తరబడి అక్కడే మూలుగుతూ ఉండిపోయింది. ఇక రాదని ఆశ వదులుకున్నాక పోయినేడు ఉన్నట్టుండి మంజూరైంది. ఆ సంబరంలో తల్లి మాణిక్యమ్మ ఎల్లమ్మ పండుగ చేసి, వాడకట్టునంతా పిలిచి భోజనాలు పెట్టింది. నిర్మల ఆ రోజు కూర అడిగి మరీ వేయించుకుంది.

మందలో కల్తీ లేదని తేలితే సర్కారు ఫారంలోకి తీసుకుంటారు. గొర్రెలకు మేత, బుగ్గయ్యకు అక్కడే కాపరి పని. తేలకపోతే మందకు ఈ నేల మీద చోటే లేదు. రింగురోడ్డు వస్తుందన్నప్పటి నుంచి సాగర్ రోడ్డు పక్క బీళ్ళన్నీ ప్లాట్లయిపోయాయి. గడ్డి ఉన్నచోటల్లా రంగు వేసిన హద్దురాళ్ళు లేచాయి.

“బయటి పొట్టేలును రానియ్యనని నా చేతుల చెయ్యేసి చెప్పినవ్ కద.”

“చెప్పిన.”

“మరెట్ల వచ్చింది? తెంపుకొని వచ్చిందా?”

“లే. నేనే తోలుకున్న.”

“కట్టేసన్న ఉంచకపోయినవా?”

“గా జీవాన్ని కట్టెయ్యరాదు బిడ్డా.”

“ఎందుకు రాదు?”

బుగ్గయ్య తడిక ముడి బిగించసాగాడు.

“ఇప్పుడేది అది?”

“లేదు. కోసిన్రు.”

“ఎవలిది?”

“మాటిచ్చిన. చెప్పరాదు.”

నిర్మలకు అంతా అర్థమైపోయింది. “కటికోళ్ళదే కద. పొడుగు పిల్లలైతే జల్ది కోతకొస్తయని ఆశ పెట్టిన్రు. నువ్వు పడ్డవ్.”

“గంత మాట అనకు. గదొక్కటి లెక్కల రాదనుకున్న.”

“రక్తానికి గట్లుంటదా కాకా? ఎవలన్న మోసం చేస్తరనుకున్న గని, నువ్వు చేస్తవనుకోలే.”

నిజంగానే అనుకోలేదు. ఢిల్లీలో ఫైలు తొక్కిపెట్టినప్పుడు కోపం వచ్చిందిగానీ ఇంత నొప్పి కలగలేదు. నమ్ముకున్న మనిషే గొంతు కోశాడని ఒళ్ళంతా మండింది. జీపెక్కేటప్పుడు బుగ్గయ్య ఏదో అనబోయాడు. ఆమె వినిపించుకోలేదు. మంద పనికిరాదని అదే సాయంత్రం ఆఫీసులో చెప్పేసింది. దానితో ప్రాజెక్టూ ఆగిపోయింది.

మరుసటి వారం నిర్మల అన్నానికి కూర్చుంటే మాణిక్యమ్మ అంది:

“బుగ్గయ్య మందనంత కోతకు అమ్ముకున్నడంట. నువ్వే వద్దన్నవంట కద. ఏమైంది బిడ్డా?”

ఆఫీసు సంగతులు ఇంట్లో ఎత్తే అలవాటు నిర్మలకు లేదు. కానీ ఆ పూట ఆపుకోలేకపోయింది.

“నన్ను ముంచిండమ్మా. బయటి పొట్టేలును మందల కలిపిండు. ఎవలిదంటే నోరిప్పలే. దాని వల్లనే తెల్లకాళ్ళ పిల్లలు పుట్టినయ్.”

“తెల్లకాళ్ళయా?”

“అవ్. ఇన్నేండ్ల నా కష్టమంత గా మందలనే ఉండె. ఎవల కోసం దాస్తున్నడో గని, వాళ్ళు నన్ను నిండ ముంచిన్రు.”

కూర వేయబోతున్న మాణిక్యమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. దాన్ని గిన్నెలో పెట్టేసి, గోడకు చేరగిలబడి కూర్చుంది.

“బుగ్గయ్యను తిట్టకు బిడ్డా,” అంది.

“ఎందుకు తిట్టద్దు?”

“నీ ప్రాజెక్టు రావాలని నేను ఎల్లమ్మకు మొక్కి ఇడిచిన పొట్టేలది.”