నాలుక ఊడదీసిన గంట

రాజుకీ పోప్‌కీ పంతాలొచ్చి ఇంగ్లండులో చర్చిలు మూతపడి నాలుగేళ్లయింది. గంట మోగకూడదు. పోయినవాళ్లను ప్రార్థన లేకుండా ఊరవతల గుంతలో పూడ్చాలి. గంట కొట్టే ఊల్మర్ దాని లోపల కొట్టుకునే ఇనప నాలుక ఊడదీసి తన మంచం కింద పడేశాడు.

ఒక రాత్రి గంట మోగింది.

భార్య హావిస్ ఉలిక్కిపడి లేచింది. "రాజు చచ్చాడేమోనయ్యా! లెక్కపెట్టు."

మగాడు పోతే మూడు దెబ్బలు, ఆడదైతే రెండు, పసిబిడ్డయితే ఒక్కటి.

"మూడు కొట్టి చావవే గంటా," అని ఊల్మర్ పళ్లు కొరికాడు. ఒక్కటే మోగి ఆగింది. "ఛీ! వాడి పాడు పంతం ఇంకెందరిని మింగాలో!"

అప్పుడు గుర్తొచ్చి మంచం కింద తడిమాడు. నాలుక అక్కడే ఉంది. వెచ్చగా ఉంది.

చాలాసేపటికి మళ్లీ ఒక్కటి. మరి కాసేపటికి ఇంకొకటి.

"గుంతలో పూడ్చిన బిడ్డలయ్యా," హావిస్ వేళ్ల మీద లెక్కపెట్టింది. "మొత్తం అయిదుగురు. అయిదోది మనదే, కవలల్లో పెద్దది."

నాలుగోది మోగింది. అయిదోది మోగింది. ఇద్దరూ ఏడుస్తూ శిలువ గుర్తు వేసుకున్నారు.

"ఊరుకోవే, అయిపోయిందిగా," అన్నాడు ఊల్మర్.

గంట ఆరోసారి మోగింది.

హావిస్ చీకట్లో చిన్నది పడుకున్న ఉయ్యాల కోసం చెయ్యి చాచింది.