నీలం మూత డబ్బా

"నా పెన్నెక్కడ పెట్టావు ఆయమ్మా?"

"దాని చోట్లోనే."

"దాని చోటు నా బల్ల."

"బల్ల మీదైతే దొర్లిపోతుంది తల్లీ. కప్పులో నిలబెట్టా."

పెళ్ళి సెలవు ముగించుకుని ప్రయోగశాలకు వచ్చి నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో తను పెట్టిన వస్తువు పెట్టినచోట ఒక్కసారి దొరికితే ఒట్టు. గది ఊడ్చి తుడిచే ఆయమ్మకు సర్దడం పిచ్చి. అందరూ 'పెళ్ళికూతురు' అని పిలిచే ఆ పరిశోధకురాలికి ఇవాళ ఓపిక అడుగంటింది.

తలుపు తోసుకుని ప్రొఫెసర్ వచ్చాడు.

"ఏం పెళ్ళికూతురా, ఎలా ఉన్నాయి నీ ఎలుకలు?"

పన్నెండు ఎలుకలు, పన్నెండింటి మెదడులోనూ కణితి. తిండిలో ఉండే చక్కెరలాంటి ఒక పోషకాన్ని మింగి ఆ కణితి బలుస్తుందనీ, అది అందకపోతే చిక్కిపోతుందనీ ఆమె మూడేళ్ళ నమ్మకం. సెలవు నుంచి వచ్చిన రోజే ఒకేలాంటి రెండు స్టీలు డబ్బాల నిండా మేత కలిపింది. ఆ పోషకం ఉన్నదానికి ఎర్ర మూత, లేనిదానికి నీలం మూత. మర్నాటి నుంచి ఆరు ఎలుకలకు ఇదీ, మిగతా ఆరు ఎలుకలకు అదీ.

"నీలం మూత మేత తిన్నవి మూలన పడున్నాయండీ. ఎర్ర మూతవి బోనులో పరుగు చక్రం దిగట్లేదు."

"అంతా తలకిందులన్నమాట."

"ఎక్కడో పొరపాటు జరిగిందండీ."

"ఎవరు చేశారు?"

"మేత నేనే కలిపా. నేనే పెట్టా. ఇంకెవరూ పెట్టలేదు."

"అయితే నీ నమ్మకమే పొరపాటు. నాలుగింటికల్లా పని మూసేస్తున్నట్టు కాగితం రాసివ్వు."

ఆయన వెళ్ళాక ఏడుపు దిగమింగి క్యారేజీ విప్పింది. మూత లోపల రోజూలాగే మొగుడు అంటించిన చీటీ: 'ఎలుకలను అడిగానని చెప్పు.' నవ్వు రాబోయి ఆగిపోయింది. పై గిన్నె మూత కింది గిన్నె మీదుంది.

"ఇదీ నీ పనేనా ఆయమ్మా?"

"కూర కారుతుంటే మార్చా. మీ ఆయన మంచివాడే కానీ, మూత బిగించడం రాదు."

"నీకు దణ్ణం పెడతా, నా వస్తువులు ముట్టుకోకు."

"ముట్టుకోకపోతే ఎలా? నువ్వేమన్నా తక్కువ తిన్నావా? సెలవు నుంచి వచ్చిన రోజు, ఏ లోకంలో ఉన్నావో, ఆ మేత డబ్బాలు రెండూ అరకొరగా మూసి ఇంటికి పరిగెత్తావు. చీమలు పట్టవూ?"

ఆమె చెయ్యి గిన్నెలోనే ఆగింది.

"అప్పుడూ ఇలాగే మూతలు మార్చా."