ఏడెనిమిదుల యాభైనాలుగు

“ఏడెనిమిదుల యాభైనాలుగు. కరెక్టేనా?” బడి చూడటానికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన మార్గరెట్, బోర్డు మీద రాసి, నేర్చుకున్న తెలుగులో అడిగింది.

“ఎస్ మేడమ్!” క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

టీచర్ సలోమి తలుపు వైపు చూసింది. గుమ్మంలో హెడ్మాస్టర్ ప్రభుదాస్ కళ్లతోనే కసురుతున్నాడు. “దొరసానికి ఎదురు చెప్పావంటే సికింద్రాబాద్‌లో ఏ బళ్లోనూ నీకు ఉద్యోగం దొరకదమ్మా!” అని పొద్దునే బెదిరించాడు.

“మీరేమంటారు టీచర్?”

“ఎస్... మేడమ్.”

మార్గరెట్ సుద్దముక్క కింద పెట్టింది. “కావాలనే తప్పు రాశాను. మా దేశంలో అయితే పిల్లలు నన్ను ఏడిపించేసేవాళ్లు. ఇక్కడ ఎవరికీ ఎక్కం రాదా?”

ముందు బెంచీలో విమల లేచింది. “యాభైయారని అందరికీ ఎరుకే మేడమ్.”

“మరి చెప్పలేదేం?”

“మా టీచరే భయపడ్తుంది. మేమెట్ల చెప్తం?”