మిషన్‌దే తప్పని రాయండి

“ఇంకోసారి కొట్టండి!” అంటూ అతను అరచేత్తో బల్ల మీద చరిచాడు.

టెస్టింగ్ ఇంజనీరుకి ఒళ్లు మండింది. పొద్దుటినుంచీ ఇదే పాట. ఆక్సిజన్ మిషన్‌ని అతని ఇంటి యూపీఎస్‌కే తగిలించి, ఆమె కరెంటు తీసింది, ఇచ్చింది, ఓల్టేజీ సగానికి పడేసింది, పిడుగు పడ్డప్పుడు వచ్చేలాంటి దెబ్బ కూడా కొట్టించింది. మిషన్ చెక్కుచెదరలేదు. గుర్రుమంటూ తన పని తాను చేసుకుపోతోంది.

“చూశారుగా, ఆగలేదు.”

“మా ఇంట్లో ఆగింది! కరెంటు పోయింది, ఇది ఆగింది, మా అమ్మ పోయింది. మీరేమో దీన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు!”

“మీ అమ్మగారి గురించి నాకూ బాధగానే ఉందండీ. కానీ ఉన్నది ఉన్నట్టే రాస్తాను.”

“మిషన్‌దే తప్పని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది?”

అదీ సంగతి, అనుకుందామె. కంపెనీ మీద కేసు, నష్టపరిహారం. కన్నతల్లి పోయి నెల తిరక్కుండానే బేరానికి దిగాడు. ఇలాంటివాళ్లని చూస్తే ఆమెకి అసహ్యం.

“ఆ యూపీఎస్‌కి ఇంకేమైనా తగిలించారా? ఇస్త్రీపెట్టో, నీళ్లు కాచే కెటిలో? కరెంటు ఉన్నంతసేపూ ఏమీ తెలీదు. పోయిందంటే మాత్రం, అంత బరువు లాగలేక యూపీఎస్సే ఆగిపోతుంది.”

అతని మొహం కందగడ్డలా అయింది. “ఎవరూ ఏమీ తగిలించలేదు! ఆ మాట మళ్లీ అనకండి. ఎక్కడా రాయకండి!”

“గొంతు చించుకున్నంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. మిషన్ బాగుంది. ఇక దయచేయండి.”

అతను యూపీఎస్‌ని ఊడదీసి మిషన్ మీద పెట్టాడు. మిషన్‌ని తోసుకుంటూ విసురుగా బయటికి నడిచాడు. ఆమె కోపం ఇంకా చల్లారలేదు. అతను మర్చిపోయిన వైరు పట్టుకుని, ఇస్తూనే నాలుగు మాటలతో కడిగేద్దామని వెనకే వెళ్లింది.

వరండాలో బెంచీ మీంచి ఓ ముసలాయన గోడ పట్టుకుని లేచాడు. అతను గబగబా వెళ్లి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

“మిషన్‌దే తప్పట, నాన్నా.” పొద్దుటినుంచీ ఆమె వినని మెత్తని గొంతు అది.

ముసలాయన కొడుకు చొక్కా పట్టుకున్నాడు.

“అయితే, మీ అమ్మకని నేను పెట్టిన కెటిల్ వల్ల కాదుగా?”