ఎడమ పక్క

"మామయ్యా, ఆగండి. ఎడమకి పోకండి."

మామగారు వినిపించుకోలేదు. అల్లుడు ఒక్క ఉదుటున వెళ్ళి చొక్కా పట్టుకుని లాగాడు. ఆయన కాలికి తగిలిన రాయి కూలిన కోటగోడ అంచు దాటి దొర్లింది. కాసేపటికి కింద నదిలో పడ్డ చప్పుడైంది.

ఇద్దరూ అక్కడే కూలబడ్డారు.

"అక్కడ గోడ లేదని కనబడలేదా?"

"ఎండ కళ్ళలో పడింది."

"ఎండ మన వెనక ఉంది, మామయ్యా."

ముప్పై ఏళ్ళుగా బడి బస్సు నడుపుతున్న ఆయన కళ్ళు నులుముకున్నారు. అల్లుడు ఆయన ఎడమ చెంప పక్కన చెయ్యి ఆడించాడు. ఆయన రెప్ప కూడా కదల్లేదు.

నెల కిందట బజారులో తాను పక్కకొచ్చి నమస్కారం పెడితే, మామగారు పలకరించకుండా వెళ్ళిపోయారని అల్లుడు అత్తగారింటి గడప తొక్కడం మానేశాడు. ఇవాళ ఆయనతో ఈ కోటకి కూడా భార్య పోరు పడలేకే వచ్చాడు.

"ఆ రోజు బజారులో నేను మీకు కనబడలేదు కదా?"

"ఏ రోజు?"

అల్లుడు ఆయన చొక్కాకి అంటిన దుమ్ము దులిపాడు.

"ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది బాబూ. పక్కలే మసక. ఉద్యోగం ఇంకో ఏడాదేగా, నెట్టుకొద్దామనుకున్నాను."

"పిల్లలు రోడ్డు మీదికి వచ్చేది పక్కల నుంచే, మామయ్యా."



"రేపు పొద్దున్నే బస్సు తాళాలు ఇచ్చేస్తాను. మీ అత్తయ్యకి మాత్రం నువ్వే చెప్పాలి."

"ఇంటికొచ్చి చెబుతాను."

అల్లుడు లేచి, నది వైపు తాను నిలబడి, ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.