మేస్త్రి నిద్ర

స్విచ్ వేయగానే మోటారు ఊ... అని మూలిగింది. తిరగలేదు.

చిన్న మేస్త్రి తల పట్టుకుంది.

ఆ చెక్కపని కొట్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పెద్ద మేస్త్రి ఆమె తండ్రి. కొట్టు వెనక గదిలో మంచాన పడి ఉన్నాడు. ఆ మోటారుతో కుర్చీ కాళ్లు తిప్పి నునుపు చేసే లేత్ యంత్రం ఆయనకన్నా వయసులో పెద్దది.

దాని చప్పుడు వింటే తప్ప పెద్ద మేస్త్రికి కన్ను మూతపడదు. పసిపిల్లలకు జోలపాట ఎలాగో ఆయనకు అది అలాగ.

అది ఆగిపోయి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ ఆయన పైకప్పు వైపు చూస్తూనే ఉన్నాడు. నిద్రమాత్రలు కూడా ఓడిపోయాయి. ఇలాగే సాగితే మనిషి దక్కడని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"మూలుగు రోడ్డు మీదకి వినిపిస్తోంది" అన్నారెవరో.

గుమ్మంలో ఒక ముసలాయన. నెరిసిన గడ్డం, భుజాన సంచి. పైకప్పు అద్దంలోంచి దిగిన మధ్యాహ్నపు ఎండలో చెక్కపొట్టు మెల్లగా తేలుతోంది. ఆ వెలుగుకు అవతల ఆయన ఉన్నాడో లేడో అన్నట్టు నిలబడ్డాడు.

"పాత ఇనుము కొనేవాళ్లా? మేం అమ్మం" అంది విసుగ్గా.

"కొనడానికి రాలేదు తల్లీ. చేత్తో తోస్తే తిరుగుతోందా?"

"నాలుగు చుట్లు తిరిగి మళ్లీ మూలుగుతోంది."

"కండెన్సర్ మార్చారా?"

"మార్చాం. ఎలక్ట్రీషియన్ మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ టీ తాగాడు. చివరికి చేతులెత్తేశాడు."

ముసలాయన నవ్వాడు. సంచి కింద పెట్టి తలుపు వెనక్కి వెళ్లాడు. ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఫ్యూజు పెట్టె తలుపు వెనక ఉందని తను చెప్పిందో లేదో ఆమెకు గుర్తు రాలేదు. నిద్రలేక ఆమె కళ్లూ మూతలు పడుతున్నాయి.

"ఎవరు చెయ్యి పెడితే వాళ్ల జేబులోనే ఫ్యూజు ఉండాలి" అన్నాడాయన, తనలో తను అనుకుంటున్నట్టు.

"అచ్చం మా నాన్న మాటే! ఈ పాఠం వల్లించనిదే ఎవర్నీ లేత్ దగ్గరికి రానివ్వడు. అయినా ఏం లాభం? దీని బెల్టుకే నాలుగు వేళ్లు పోగొట్టుకున్నాడు."

ఆయన మోటారు వెనక మూతకున్న స్క్రూలు విప్పసాగాడు.

"ఎలా పోయాయి?" అన్నాడు.

"బెల్టు మారుస్తున్నాడట. ఫ్యూజు తియ్యరా అని తమ్ముడికి చెప్పాడు. ఆ మహానుభావుడు ఫ్యూజు తియ్యకపోగా స్విచ్ వేశాడు! ఆ రోజే ఇల్లు విడిచి పోయాడట. నేనప్పటికి అమ్మ కడుపులో ఉన్నాను. మొహం కూడా ఎరగను. ఎప్పుడైనా కనబడితే మాత్రం ఊరుకోను."

"ఊరుకోవద్దు తల్లీ" అన్నాడు ముసలాయన తల ఎత్తకుండా.

మూత ఊడింది. లోపల చెక్కపొట్టు, గ్రీజు కలిసి అట్టలు కట్టాయి.

"ఇదిగో. మోటారుకి మొదటి తోపు ఇచ్చే పాయింట్లు ఇవి. వీటి మధ్య పొట్టు కూరుకుపోయింది. ఇంక కరెంటు ఎలా అందుతుంది?"

గరుకు కాగితం ముక్కతో ఆ రెండు చిన్న పాయింట్లనూ రుద్దాడు. ఊదాడు. వెలుగుకి పట్టి చూశాడు. మళ్లీ రుద్దాడు. ఆ చేతులు తొందర ఎరగనివి. చూస్తున్నకొద్దీ ఆమె మనసు నెమ్మదించింది. ఎందుకో చిన్నప్పుడు జ్వరం తగ్గిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి.

మూత బిగించి, ఫ్యూజు పెట్టి, "వెయ్యి" అన్నాడు.

ఆమె స్విచ్ వేసింది.

లేత్ ఒకసారి ఒళ్లు విరుచుకుని తిరగడం మొదలుపెట్టింది. ఆ పాత చప్పుడు కొట్టంతా నిండింది. ఆమె పరుగున వెళ్లి వెనక గదిలోకి తొంగిచూసింది.

తండ్రి కళ్లు మూసుకుని ఉన్నాడు.

"పడుకున్నాడు! పెద్దాయనా, మా నాన్న పడుకున్నాడు!" అంది గుసగుసగా.

ముసలాయన ఆ గది గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి అడుగు పెట్టలేదు. చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"టీ అన్నా తాగి వెళ్లండి. టీకి మీకన్నా అర్హులు ఎవరున్నారు?"

"బస్సుకి వేళైంది తల్లీ."

ఏ ఊరి బస్సో ఆమె అడగలేదు. నాలుగు రోజుల పని పేరుకుపోయి ఉంది. సాయంత్రం దాకా కుర్చీ కాళ్లు తిప్పుతూనే ఉంది. పొట్టు రేగి ఒంటి మీద వాలుతుంటే కూనిరాగం కూడా తీసింది.

చీకటి పడే వేళ లేత్ ఆపి లోపలికి వెళ్లింది. తండ్రి మెలకువగా ఉన్నాడు. దిండు తడిసి ఉంది.

"బాగా నిద్రపట్టిందా నాన్నా?"

"నిద్రెక్కడిదమ్మా? వాడు గుమ్మంలోకి వస్తే మొహం చూడలేనని ముందే కళ్లు మూసుకున్నాను."

"ఎవరు?"

"గొంతు వినగానే పోల్చుకున్నాను. మీ బాబాయి."

ఆమె మంచం అంచున కూలబడింది. వెంటనే కోపం ముంచుకొచ్చింది.

"ముందే చెప్పకపోయావా? మెడపట్టి గెంటేదాన్ని కదా!"

పెద్ద మేస్త్రి వేళ్లు లేని చేతిని దుప్పటి కింద దాచుకున్నాడు.

"ఫ్యూజు తియ్యమని వాడికి నేను చెప్పనే లేదు తల్లీ. తొందరలో నా మోచెయ్యే స్విచ్‌కి తగిలింది. ఊరందరికీ పాఠం చెప్పే మేస్త్రి నలుగురిలో నవ్వులపాలవుతాడని, స్విచ్ తనే వేశానన్నాడు వాడు, నేను కాదనలేదు."