పచ్చబొట్టులోని పేరు

“మీ మైకు సముద్రంలో ఎంత దూరం వినపడతాది పాపా?”

బిట్రగుంట చర్చి కుర్రకారు జువ్వలదిన్నె హార్బరు దగ్గర అప్పుడే మూడో పాట ముగించారు. వాళ్లచేత పాడిస్తున్న సలోమి వెనక్కి తిరిగి చూసింది. అడిగింది ఆ ఊరి జాలరామె చెంచమ్మ. మొదటి పాట నుంచీ ఆమె అక్కడే కదలకుండా కూర్చుని ఉంటే, పాటకు కరిగిపోయిందనుకుంది సలోమి.

“ఎందుకు పెద్దమ్మా?”

“మా ఇంటాయన వేటకి పోయి పన్నెండు రోజులాయ. పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, మనిషి రాలా. మీరంతా ఒకసారి గట్టిగా పిలవండమ్మా.”

“పేరేంటి?”

చెంచమ్మ ముంజేయి చాపి పచ్చబొట్టు చూపించింది.

“నేను పలకకూడదు. బతికుండే మొగుడి పేరు పెళ్లాం పలికితే ఆయుస్సు తరిగిపోతాది.”

సలోమి ఆ పచ్చటి అక్షరాలు చదివింది. పదహారు గొంతులూ సముద్రంకేసి తిరిగి ఒక్కటిగా పిలిచాయి.

“ముత్యాలయ్యా!”

బొంగురుపోయేదాకా పిలిచాయి. అలల హోరు తప్ప బదులు లేదు. వెనక నిలబడ్డ ఊరి ఆడవాళ్లు మాత్రం “వస్తాడులే చెంచమ్మా, వస్తాడు” అంటూనే ఉన్నారు.

చెంచమ్మ లేచి వచ్చి, సలోమి చేతిలోని మైకు తీసుకుంది. ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులా గుండెకు ఆనించుకుంది. సముద్రంకేసి తిరిగింది.

“ముత్యాలయ్యా...” అంది మెల్లగా, పక్కనున్న మనిషిని నిద్ర లేపుతున్నట్టు.

ఇంతసేపూ వస్తాడన్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు.